ఏటి మారిందో సూడమన్న నర్సమ్మ

మొన్న సోమవారం ఉదయం హాజరు వేస్తుండగా మా వార్డెన్ తరగతి గుమ్మంలోకి వచ్చి, నర్సమ్మ పోయారని చెప్పాడు. రిటైరై మూడేళ్లయినా హుకుంపేట చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆవిడ నర్సమ్మే. కొన్నాళ్లుగా కిడ్నీల జబ్బుతో ఉన్నారని నాకు తెలుసు. అయినా హాజరు పూర్తి చేయలేక రిజిస్టరు మూసేశాను. పిల్లల్ని చూడడం నాకు నేర్పింది ఆవిడే.

విజయనగరం వైపు నుంచి నేనీ కొండల్లోని ఆశ్రమ పాఠశాలకు వచ్చిన రెండో ఏడు. ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. వేసవిలో సంతకు వెళ్తుంటే జీపు లోయలోకి జారిపోయి, పక్కనే కూర్చున్న తల్లి చనిపోయింది. అమ్మాయికి చెయ్యి విరిగింది. కట్టు విప్పాక బడికి వచ్చింది. ఒక్కసారీ ఏడవలేదు. అందుకే కోలుకుందనుకున్నాం.

కానీ ఆ పిల్ల వేరే పిల్లయింది. బోర్డు వైపు చూస్తూనే ఉండేది, ఏమీ వినపడేది కాదు. నోటికొచ్చిన ఎక్కాలు మరిచిపోయింది. కంచంలో అన్నం సగం వదిలేసేది. వెనక నుంచి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే తిరిగి కొట్టేది. నేను దానికి మొండితనమని పేరు పెట్టాను.

ఒకరోజు రక్తపరీక్షలు చేయడానికి నర్సమ్మ బడికి వచ్చారు. నేను లెక్కలు చెబుతున్నాను. ఆ అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తోంది. కోపం వచ్చి బెత్తంతో బల్లమీద గట్టిగా కొట్టాను. మరుక్షణం ఆ పిల్ల బెంచీ కింద ఉంది. తలమీద చేతులు పెట్టుకుని వణికిపోతోంది. లంగా తడిసిపోయింది. ఎవరో నవ్వారు. లేవమని నేను మళ్లీ అరిచాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

నర్సమ్మ లోపలికి వచ్చి పిల్లల్ని బయటికి పంపించి, ఆ అమ్మాయికి రెండు మూరల దూరంలో నేలమీద కూర్చున్నారు. ముట్టుకోలేదు.

"నేను నర్సమ్మని. ఇది బడి. నీకేటీ అవ్వదు. నేనిక్కడే కూకుంటాను" అన్నారు. అదే మాట నెమ్మదిగా చాలాసార్లు చెప్పారు. చాలాసేపటికి ఆ పిల్ల తలెత్తింది.

తర్వాత వరండాలో నాతో అన్నారు: "మొండిది కాదు మాస్టారూ. సెయ్యి అతుక్కుంది గానీ, ఒళ్లింకా ఆ జీపులోనే ఉంది. ఏడుపు కోసం సూడకండి. పిల్లలో ఏటి మారిందో సూడండి."

ఆవిడ చెప్పినవి చిన్న చిన్న పనులే. జరిగింది చెప్పమని బలవంతపెట్టకూడదు, చెప్పబోతే ఆపకూడదు. దగ్గరికి వెళ్లేముందు పిలవాలి. ఆ పిల్ల ఎక్కడ కూర్చుంటానంటే అక్కడే కూర్చోనివ్వాలి. ఆ రోజే నేను బెత్తం వదిలేశాను.

ఇంతలో తండ్రి వచ్చాడు. తల్లి ఆత్మ పట్టిందని ఊళ్లో అంటున్నారు, పూజ చేయించి ఇంట్లోనే ఉంచుకుంటానన్నాడు. అలా వెళ్లిన ఆడపిల్లలు తిరిగి రావడం అరుదు. నర్సమ్మ అతన్ని తప్పుపట్టలేదు. పూజకు తనూ వస్తానన్నారు, వెళ్లారు కూడా. వచ్చేటప్పుడు పిల్లను వెంటబెట్టుకుని వచ్చారు, పాడేరులో మనసు జబ్బుల డాక్టరుకు చూపిద్దామని తండ్రిని ఒప్పించి.

కానీ అమ్మాయి బండెక్కదు. డాక్టరును ఫోన్లో అడిగి, నర్సమ్మ తనకు తెలిసినవాళ్ల జీపు ఒకటి బడి ముందు పెట్టించారు. మొదటి రోజు ఇద్దరూ దూరం నుంచి చూశారు, అంతే. తర్వాత తలుపు ముట్టుకున్నారు. తర్వాత ఆగి ఉన్న జీపులో ఇద్దరూ కూర్చుని వేరుశనగలు తిన్నారు. దిగిపోతానంటే వెంటనే దిగనిచ్చేవారు. ఇంజను స్టార్టు చెయ్యమని ఆ అమ్మాయే అడగడానికి నెలన్నర పట్టింది.

ఇదంతా మీకెలా తెలుసని ఆ రోజుల్లోనే అడిగాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బాలింతను డోలీలో మోయిస్తూ గెడ్డ నీళ్లు దాటుతుంటే, ఆమె తన చేతుల్లోనే పోయిందట. ఆ తర్వాత నీళ్ల చప్పుడు వింటే ఊపిరి ఆడేది కాదట, ఇంట్లో అందరిమీదా విసుక్కునేవారట. "అది దెబ్బేనని రెండేళ్లు నాకే తెలీనేదు మాస్టారూ. ఒక పెద్ద డాక్టరమ్మ కనిపెట్టింది. కనిపెట్టినోలుంటే బేగి మానుతాది" అన్నారు.

పాడేరు చాలాసార్లు వెళ్లారు. ఆ అమ్మాయి మళ్లీ ఎక్కాలు చెప్పింది, గొడవపడింది, ఒకరోజు ఉన్నట్టుండి అమ్మ కోసం వెక్కివెక్కి ఏడ్చింది. పూర్తిగా మానినట్టేనా అని అడిగితే, "మచ్చ ఉంటాది. రోజూ నొప్పెట్టదు, అంతే" అన్నారు నర్సమ్మ.

మంగళవారం ఆవిడ ఇంటికి వెళ్లాను. వాకిట్లో కాఫీ పళ్లు ఎండబోసి ఉన్నాయి, ఆ రోజు వాటినెవరూ కదపలేదు. అరకులో డిగ్రీ చదువుతున్న ఆ అమ్మాయి జీపు దిగి వచ్చింది. నర్సమ్మ కూతురు అరుగుమీద కంట తడి లేకుండా, వచ్చినవాళ్లను లెక్కపెడుతున్నట్టు చూస్తూ కూర్చుంది. గుండె గట్టిదని పక్కన ఎవరో అంటున్నారు. ఆ అమ్మాయి వెళ్లి, "అక్కా, నీ పక్కన కూకోనా?" అని అడిగి, ఆమె తలూపాక కూర్చుంది. ఎండ అరుగు మీదికి వచ్చేసరికి కూతురి తల ఆ అమ్మాయి భుజం మీద ఉంది. ఆమె వీపు మీద ఆ అమ్మాయి చెయ్యి నెమ్మదిగా కదులుతోంది.