స్టెరాయిడ్ ఆపేసిన రోజు, అత్తయ్యతో ఉప్పల్ ప్రయాణం

నాచారం నుంచి ఉప్పల్ వెళ్లడం కూడా ఒక ప్రయాణమేనా అని మీరు నవ్వొచ్చు. రెండేళ్ల క్రితం కళ్లు పచ్చబడి, బడిలో పాఠం చెబుతూ కూలబడినప్పటి నుంచి నేను ఎక్కువగా తిరిగిన దారి ఇదే. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అన్నారు డాక్టరమ్మ. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పొరపాటున కాలేయం మీద దాడి చేస్తుందట. దాన్ని అదుపు చేయడానికి వాడిన స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బింది, నిద్ర కరువైంది. మెల్లగా మోతాదు తగ్గించుకుంటూ వచ్చారు. ఈసారి రక్తపరీక్ష బాగుంటే పూర్తిగా ఆపేద్దామన్నారు. ఆ కబురు కోసమే శనివారం నేనూ మా అత్తయ్యా బయలుదేరాం.

ఫ్యాక్టరీల షిఫ్టు వదిలితే నాచారం రోడ్డు కదలదు. అందుకే మూడున్నరకే ఆటో ఎక్కాం. చిల్కానగర్ మీదుగా అయితే ఇరవై నిమిషాలు. లివర్ డాక్టర్ దగ్గరికని చెప్పగానే డ్రైవర్ జాలిపడ్డాడు. "కామెర్లా అక్కా? మా ఊర్ల ఆకు పసరు పోస్తరు. జర పోయి సూడున్రి."

మొదట్లో నాకు పసరు పోయించాలని పట్టుబట్టింది అత్తయ్యే. ఇప్పుడు ఆవిడే ముందుకు వంగింది. "ఇది ఆ కామెర్లు కాదు బాబూ. అంటుకునేదీ కాదు, తాగుడు వల్ల వచ్చిందీ కాదు. పసరు పడితే లివరు ఇంకా పాడవుద్ది."

నేను రోడ్డు వైపు తిరిగి నవ్వుకున్నాను.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, స్టెరాయిడ్ ఆపేయొచ్చని, దానితో పాటు వాడుతున్న రెండో మాత్ర మాత్రం కొనసాగించాలని చెప్పారు. నేను ఆ రిపోర్టునే మళ్లీ మళ్లీ చూసుకున్నాను. అత్తయ్య తేరుకుని పథ్యం సంగతి అడిగింది. అక్కర్లేదట. అప్పుడప్పుడూ బజ్జీ తిన్నా ఫర్వాలేదట.

బయటికి రాగానే ఆవిడే నన్ను బజ్జీల బండి దగ్గరికి లాక్కెళ్లింది. కారం తక్కువగా వేయమంటే, "గట్ల జేస్తే అది మిర్చి బజ్జీ ఎట్లయితదమ్మా?" అంది బండి ఆవిడ. అత్తయ్య తన ప్లేటు కూడా నా వైపు జరిపింది. "వేడి మీదే తిను అమ్మాయ్. నువ్వు ఇష్టంగా తినగా చూసి రెండేళ్లయింది."

జబ్బు పోలేదు. మళ్లీ తిరగబెట్టొచ్చు, పరీక్షలు తప్పవు. కానీ దాని గురించి నేను ఒక్కదాన్నే అందరికీ వివరించుకోవాల్సిన రోజులు పోయాయి. ఆ సాయంత్రం ఉప్పల్ రద్దీలో కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వుతూ తిన్నాను. కారం వల్లేనని అత్తయ్యకు చెప్పాను, ఆవిడ నమ్మలేదు.

ఇదే దారిలో ఉన్నవాళ్లకు ఒక్క మాట: ఎంత బాగుందనిపించినా స్టెరాయిడ్ మాత్రను డాక్టర్ చెప్పకుండా మీ అంతట మీరు ఆపకండి.