బయటి చప్పుడు వినపడే హెడ్‌ఫోన్లు

నాకు అక్షరాలు నేర్పింది మా బిడ్డే. లాక్‌డౌన్‌లో మిర్యాలగూడ మిల్లులు బందై నేను ఇంట్లో కూర్చున్నప్పుడు, అటక మీదున్న తన చిన్నప్పటి పలక తుడిచి నా ఒళ్లో పెట్టింది. నాకప్పటికి నలభై దాటాయి. "ఇంకెన్ని రోజులమ్మా వేలిముద్ర?" అన్నది. తప్పు రాస్తే చిన్నపిల్లను కొట్టినట్టు నా వేళ్ల మీద మెల్లగా కొట్టి నవ్వేది.

తరువాత అది కానిస్టేబుల్ పరీక్షకు చదవడానికి సూర్యాపేట పోయి, ఇద్దరు ఆడపిల్లలతో కలిసి కిరాయి గదిలో ఉండేది. నాతో ఫోన్‌లో మాట్లాడినా, నాకు చదవడం అలవాటు పోవద్దని రోజుకొక మెసేజ్ తెలుగులో పెట్టేది. నేను మధ్యాహ్నం సద్ది తిన్నాక మిల్లు గోడ నీడలో కూర్చుని ఒక్కో మాట కూడబలుక్కుని చదివేదాన్ని. పక్కనున్న ఆడవాళ్లు "ఏమన్నదే కలెక్టరమ్మ?" అని అడిగితే వాళ్లకు కూడా వినిపించేదాన్ని.

ఒకరోజు ఇలా వచ్చింది: "అమ్మా, ఉరికేటప్పుడు, జిమ్‌ల పెట్టుకోనీకె హెడ్‌ఫోన్లు కావాలె. చెవులు మొత్తం మూసేటివి చూడు. బయటి చప్పుడు ఏం ఇనపడొద్దు. ఎక్కువ రేటుయి వద్దు."

ఆ ఉద్యోగానికి రాత పరీక్ష ఒక్కటే చాలదు. ఆడపిల్లలు ఎనిమిది వందల మీటర్లు వాళ్లు పెట్టిన టైములో ఉరకాలి. చదువులో మా బిడ్డకు భయం లేదు. ఒళ్లు మాత్రం నాది వచ్చింది. బొద్దుగా, బరువుగా ఉంటుంది. అందుకే పొద్దున కాలేజీ గ్రౌండులో ఉరికేది, సాయంత్రం జిమ్‌కు పోయేది. పాటలు వింటూ ఉరికితే అలుపు తెలియదు కాబోలు అనుకున్నాను.

ఆ వారమే కోదాడలో మా అక్క ఇంటికి పోయాను. వాళ్ల ఇంటి కిందే సెల్‌ఫోన్ సామాన్ల దుకాణం. దుకాణపాయన మా అక్కకు బాగా తెలిసినవాడు.

"ఎవరికి పిన్నిగారూ? అబ్బాయికా?"

"మా బిడ్డకు. రన్నింగ్ చేస్తది."

"మీరు కూడా మొదలుపెట్టండి, ఇద్దరికీ కలిపి రేటు తగ్గిస్తా" అని నవ్వి మూడు రకాలు నా ముందు పెట్టాడు.

తలకు పెట్టుకునే పెద్దవి ఉరికితే జారిపోతాయని, చెమటకు చెవులు ఉడికిపోతాయని వాటిని తనే పక్కకు నెట్టాడు. రెండోవి మెడలో దండలాగా ఉండి, చివరన రబ్బరు బుడిపెలు చెవిలోకి దిగేవి. "ఇవి పెట్టుకుంటే పక్కన బాంబు పేలినా తెలియదండి. చెమటకు పాడవవు, ఒకసారి చార్జింగ్ పెడితే రోజంతా వస్తుంది. పిల్లలందరూ ఇవే తీసుకుంటున్నారు" అన్నాడు. పెట్టి చూశాను. దుకాణం, రోడ్డు, పైన మా అక్క కేకలు ఒక్కసారి ఆగిపోయాయి. వెంటనే తీసేశాను.

ఎందుకో చెప్పాలి. మిల్లులో మేము పొద్దున రాగానే చెవుల్లో దూది పెట్టుకుని, పైనుంచి తువ్వాల బిగించి కడతాం. మర చప్పుడు ఒకటి, ఊక దుమ్ము ఒకటి. ఇగ రోజంతా చేతులతోనే మాట్లాడుకుంటాం. నా జోడీ ఒకామె ఉండేది. ఇద్దరం ఒకే కల్లంలో ఉడికిన వడ్లు ఎండకు ఆరబోసి నెరిపేవాళ్లం. ఒకరోజు వడ్ల లారీ వెనక్కి వస్తుంటే డ్రైవర్ హారన్ కొట్టాడు, అందరూ అరిచారు. ఆమె ఒక్కతే అటు వీపు తిప్పి ఉంది, చెవుల్లో దూదికి ఏదీ వినలేదు. నేను చేయి ఊపాను కానీ ఆమె నా దిక్కు చూడలేదు. మోకాలి కింద కాలు తీసేశారు. ఆమె ఇప్పటికీ ఇంటి అరుగు మీదే కూర్చుంటుంది.

మా బిడ్డ గ్రౌండుకు పోవాలంటే పొద్దున చీకటితో పెద్ద రోడ్డు వెంట నడవాలి. ఆ రోడ్డు మీద లారీలు ఆగవు.

"ఇవి గాకుండా, బయటి సప్పుడు ఇనపడేటియి లేవా?" అని అడిగాను.

ఆయన మూడోవి చూపించాడు. చెవి మీదుగా కొక్కెంలా తగులుకుని, చెవి రంధ్రం మూయకుండా పక్కన ఆనుకుని ఉంటాయి. పాట పాటే, రోడ్డు రోడ్డే. కొంచెం రేటు ఎక్కువైనా అవే తీసుకున్నాను. మెసేజ్ గుర్తుంది. దాంట్లో ప్రతి మాటా చదివాను. చిన్నపిల్ల, దానికేం తెలుసు అనుకున్నాను.

అక్కడి నుంచి నేరుగా సూర్యాపేట బస్సెక్కాను. బిడ్డ డబ్బా విప్పి చెవులకు తగిలించుకున్నది.

"అన్నీ ఇనపడుతున్నయ్ గదమ్మా."

"ఇనపడాలె. ఎనక నుంచి ఏదన్న వస్తే తెల్వాలె."

అది వాటిని చెవుల నుంచి తీసి, "మంచిగున్నయ్ లే" అని మళ్లీ డబ్బాలో పెట్టింది. నేను ఎంతో జాగ్రత్త చేశాననుకుని తృప్తిగా మిర్యాలగూడ వచ్చేశాను.

తరువాత దాని గదిలో ఉండే పిల్ల ఒకసారి ఫోన్‌లో అన్నది, అది పొద్దున పోవడం మానేసి, అందరూ వెళ్లిపోయాక పది గంటల ఎండలో ఉరుకుతున్నదని. "ఎండకు నల్లబడతవ్" అని తిట్టాను. కొన్నాళ్లకు ఆ ఎండలో ఉరుకుడు కూడా మానేసింది. రాత పరీక్ష పాసయింది. ఉరుకుడు రోజు, గీత ఇంకా కొంచెం దూరం ఉండగానే టైము అయిపోయింది.

ఇంటికి వచ్చిన దాన్ని దగ్గరికి తీసుకోవాల్సింది పోయి నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. "చెవులకు పాటలు తగిలించుకుని తిరిగితే కొలువులొస్తయా? నేనే కొనిచ్చి చెడగొట్టిన" అన్నాను. అది నెల తిరగక ముందే సూర్యాపేటలో చీరల దుకాణంలో పనికి కుదిరింది.

పోయిన ఏడు నాకు షుగర్ వచ్చింది. రోజూ నడవమన్నారు దవాఖానాలో. మిల్లులో పని లేని రోజులు కావడంతో బిడ్డ దగ్గరికి పోయాను. "ఊకె నడిస్తే యాష్టకొస్తది, ఇవి పెట్టుకో" అని అవే హెడ్‌ఫోన్లు తీసిచ్చింది. మూడేళ్లయినా డబ్బా కొత్తదానిలాగే ఉంది.

అదే గ్రౌండు. పాట సన్నగా వింటూ నడుస్తున్నాను. మెట్ల మీద నలుగురైదుగురు మగవాళ్లు రాగి జావ తాగుతూ కూర్చున్నారు. తల నెరిసినవాళ్లు కూడా ఉన్నారు. నా వెనక నుంచి ఒక పిల్ల ఆయాసపడుతూ ఉరికి వస్తున్నది. మంచి పొడుగు, మంచి లావు.

"జరుగుండ్రి జరుగుండ్రి, మేళ్లచెర్వు సిమెంటు లారీ వస్తున్నది."

"లోడు ఎక్కువైంది కాకా, టైర్లు పంచరైతయేమో."

"గీమె పోలీసైతే దొంగలు నవ్వి నవ్వి సస్తరు."

మెల్లగా అనడం కూడా లేదు. పాట మీదుగా ఒక్కో మాట స్పష్టంగా నా చెవిలో పడింది. ఆ పిల్ల తల తిప్పలేదు, అడుగు మాత్రం తడబడింది. మలుపు దగ్గర ఉరకడం ఆపి, వేపచెట్ల చాటుకు పోయి బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంది. నేను అక్కడే కింద కూర్చున్నాను.

గదికి పోయేసరికి బిడ్డ దుకాణానికి తయారవుతూ చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నది.

"నిన్ను గూడ అన్నరా?" అని అడిగాను.

"ఏమని?"

"లారీ అని."

పిన్నీసు నోట్లో పట్టుకుని నా దిక్కు చూసింది. తీసి, "నన్ను ట్రాక్టరన్నరు" అని కొంచెం నవ్వింది. "గేరు మార్చమనేటోళ్లు."

"నాకెందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్తే మర్లా ఇంటికి తీస్కపోతుంటివి."

అది నిజం. ఆ రోజే గది ఖాళీ చేయించి, బస్సెక్కించి తీసుకుపోయేదాన్ని. "మరి నాకెట్ల తెలుస్తది?" అన్నాను.

"మెసేజ్ పెట్టిన గదమ్మా" అన్నది. కోపంగా అనలేదు. పిన్నీసు పెట్టుకుని, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బజారుకు పోయి, చెవులు మొత్తం మూసేవి కొనుక్కొచ్చాను. బిడ్డ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇప్పుడు నేనెక్కడ ఉరుకుతనమ్మా? దుకాణంల గిరాకి పిలిస్తే ఇనపడాలె" అని నా సంచిలోనే పెట్టింది.

నేను సూర్యాపేటలో ఉన్నన్ని రోజులూ గ్రౌండుకు పోతాను. ఆ పాత హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాను కానీ పాట పెట్టను. ఆ పిల్ల మెట్ల దగ్గరికి వచ్చే ముందు నేను ఆ మగవాళ్ల ఎదురుగా పోయి నిలబడతాను. నన్ను చూసి కొన్నిసార్లు మాట మారుస్తారు. కొన్నిసార్లు నన్ను కూడా కలిపి నవ్వుతారు.

కొత్తవి నా సంచిలోనే ఉన్నాయి. ఆ పిల్లకు ఇద్దామని రెండుసార్లు చేయి ఎత్తాను. ఆ పిల్ల ఆగలేదు. ఆమె చెవులకు ఏమీ పెట్టుకోదు. అన్నీ వింటూనే ఉరుకుతుంది.