బెల్లం ఎందుకు బిడ్డా?

పొద్దున మహమ్మద్‌నగర్ బట్టీ నుంచి కొత్త బెల్లం దిగింది. గోనె కుట్టు విప్పగానే, కామారెడ్డిలో నేను అద్దెకు తీసుకున్న ఈ గది నిండా వెచ్చటి వాసన కమ్ముకుంది. ముద్ద చివర విరిచి నాలుక మీద పెట్టుకున్నాను. తీపి వెనకాల సన్నగా ఉప్పదనం తగిలింది. ఆ వెంటనే లసుమవ్వ గుర్తొచ్చింది. బెల్లం రుచి చూడడం నాకు నేర్పింది ఆమే.

ఎల్లారెడ్డిలో మా అత్తగారింటికి నాలుగిళ్ల అవతల, ముందుగదిలో లసుమవ్వ బెల్లం అమ్మేది. ఎవరొచ్చినా తరాజు ముట్టుకోకముందు ఒకటే అడిగేది, బెల్లం ఎందుకని. చాయ్‌కి ఒక రకం, బతుకమ్మకు మలీద ముద్దలు కట్టడానికి మెత్తటి రకం, అరిసెలకు గట్టి రకం ఇచ్చేది. పెళ్లయిన కొత్తలో నన్నూ అడిగితే, తినడానికే అన్నాను కాస్త కోపంగా. "తినకుంట పెట్టెల వెట్టి తాళమేస్తరా బిడ్డా" అని పడీపడీ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ మర్నాటి నుంచి ఆమె గడప వదల్లేదు.

ఒకసారి డోంగ్లి నుంచి ఒకాయన వచ్చాడు. బిడ్డకు సారె పెట్టాలి, అరిసెలకు బెల్లం కావాలన్నాడు. గది నిండా బెల్లమే ఉంది. అవ్వ అడ్డంగా తలూపి, ఇందులో ఉప్పదనం ఉంది, ఇది చాయ్‌కే గానీ పాకానికి నిలవదు, రెండు వారాలు ఆగమంది, లేదంటే ఎదురు దుకాణం చూసుకోమంది. ఆయన వెళ్లిపోయాడు. చేతికొచ్చిన బేరం పోగొట్టుకున్నావేమని నేనే నొచ్చుకున్నాను. "పోతె పోతడు. ఇదే ఇస్తె పాకం ఇరిగినంక మల్ల మన దిక్కు రాడు" అని చాట అందుకుంది. రెండు వారాలకు అతనే వచ్చాడు, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని.

అంతా కళ్లారా చూసి కూడా నేను చేసింది వేరు. మా ఆయన దుబాయిలో ఉండేవాడు. నా సంపాదన నిలబడితే ఆయన తిరిగి వచ్చేయాలని మా ఒప్పందం. అందుకే ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో చేరి, బట్టీల నుంచి కొన్న రకరకాల బెల్లమంతా ఒకే ఫోటో కింద అమ్మకానికి పెట్టాను. మొదట్లో ఆర్డర్లు బాగానే వచ్చాయి. తర్వాత రిటర్నులు మొదలయ్యాయి. పాకం రాలేదని ఒకరు, నూనెలో అరిసెలు విడిపోయాయని ఇంకొకరు రాశారు. రేటింగు పడిపోయింది, నా బెల్లం ఎక్కడో చివరి పేజీకి జారిపోయింది. వెళ్లి లసుమవ్వకు చెప్పుకున్నాను.

"ఎందుకు కావాల్నో అడిగినవా?" అంది.

అక్కడ అడగడానికి వీలు లేదని, కొన్నవాళ్ల ఫోన్ నంబరు కూడా ఇవ్వరని చెప్పాను. ఆమె తరాజు పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"ఎవలకు అమ్ముతున్నవో ఎర్క లేకపోతె అది నీ దుకాణం ఎట్లయితది బిడ్డా? నువ్వు గాడ మాల్ దింపి వస్తున్నవు, గంతే."

ఆ మాటకు రోషమొచ్చింది. నెల తిరిగేసరికి కామారెడ్డిలో ఒకతనితో సొంత వెబ్‌సైటు చేయించుకున్నాను. డబ్బు కట్టే చోటికి వెళ్లేముందు, బెల్లం ఎందుకు అన్న ప్రశ్న ఉండాలన్నాను. అడ్డం ప్రశ్నలు వేస్తే జనం పారిపోతారని అతను మొత్తుకున్నాడు. నేను మొండికేశాను. మొదటి రెండు నెలలు అతని మాటే నిజమయ్యేలా కనిపించింది. తప్పు చేశానేమోనని గుబులు పట్టుకుంది. తర్వాత ఒక్కొక్కరే జవాబులు రాయసాగారు, బాలింతకని, పసిపిల్లకని, ఊరి రుచి కోసమని. అవి చదివి వినిపిస్తే లసుమవ్వ కళ్లు మూసుకుని వినేది. నిరుడు వానాకాలం ఆమె పోయింది. నేను ఏడ్చిన ఏడుపుకు ఆమె కూతుళ్లే నన్ను ఓదార్చారు.

ఇప్పుడు నా పక్కన పెట్టెలకు టేపు అంటిస్తున్నది మా ఆయనే. పొద్దున వచ్చిన ఆర్డరు మహారాష్ట్రలోని భివండిలో స్థిరపడిన మన వైపు ఆమె నుంచి, నలభై కిలోలు, బిడ్డ పెళ్లికి అరిసెల కోసం. నా నాలుక మీద ఇంకా ఉప్పదనం ఉంది. ఆర్డరు ఇచ్చినామెకు ఫోన్ చేసి చెప్పాను, ఇప్పుడున్న బెల్లం అరిసెలకు పనికిరాదు, మూడు వారాలు ఆగితే మంచిది వస్తుంది, తొందరైతే వేరే చోట చూసుకోండి అని. మా ఆయన చేతిలో టేపు ఆగిపోయింది.

"నాలుగు జాగలల్ల అడిగిన అక్కా, అందరు ఉన్నదనే అన్నరు" అందామె. "నువ్వొక్కదానివే లేదన్నవు. ఆగుత, నువ్వే పంపు."

మా ఆయన టేపు పక్కన పెట్టి లేచాడు. ఆ గోనె మీద చాయ్‌కి మాత్రమే అని రాసి గోడ పక్కకు జరిపాడు. లేనిదాన్ని లేదని చెప్పడానికి నాకిప్పుడు భయం వేయదు. అది లసుమవ్వ చలవే.