పచ్చబడ్డ పెళ్ళికొడుకు

ఆ రోజు నేను రోగి కళ్ళలోకి చూడలేదు. దాంతో ఒక పెళ్ళి ఆగిపోయింది.

నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు సూర్యాపేటలో చిన్న దవాఖాన పెట్టుకున్నాను. మిర్యాలగూడ నుంచి వచ్చి ఇక్కడ బస్సు నడుపుతున్న ఒక కుర్రాడికి చలిజ్వరం వస్తే, యుద్ధం తర్వాత అందుబాటులోకి వచ్చిన పసుపుపచ్చ మాత్రలు ఇచ్చాను. జ్వరం తగ్గింది. కొన్ని వారాలకు అతనికి పిల్లనివ్వబోయే మామ లగ్నం మాట్లాడటానికి కోదాడ నుంచి వచ్చాడు. పసుపు పూసినట్టున్న అల్లుడి చేతులు చూసి హడలిపోయి, నేరుగా నా దగ్గరికి పట్టుకొచ్చాడు.

మందుల వల్ల కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చినవాళ్ళను హైదరాబాదులో చదువుకునేటప్పుడు చూశాను. అరచేతులు చూడగానే అదే గుర్తొచ్చింది. “నా మాత్రలే ఇతని కాలేయాన్ని చెరిచాయి. ఉప్పు లేని గంజి తాగించండి. పెళ్ళి ఇప్పట్లో వద్దు” అనేశాను. తప్పును ఇంత నిజాయితీగా ఒప్పుకునే డాక్టరు ఇంకెక్కడుంటాడని లోలోపల మురిసిపోయాను కూడా. మామ లగ్నం మాట మానుకుని కోదాడ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం కుర్రాడు మళ్ళీ వచ్చాడు.

“గంజి మీరే తాగుండ్రి డాక్టర్ సాబ్! పొద్దుగాల జొన్నరొట్టెలు దిన్న, ఇంకా ఆకలైతాంది. రోగమొచ్చినోడు గిట్లుంటడా? నా లగ్గం ఖతం జేసిండ్రు గదా!”

గుమ్మంలో ఎండలో నిలబడి నా మీద గుడ్లురిమాడు. ఆ గుడ్లు దూదిలా తెల్లగా ఉన్నాయి.

“ఇంకోసారి ఉరుము” అన్నాను.

“మజాక్ జేస్తున్నరా?”

కామెర్లయితే ముందు కళ్ళు పచ్చబడాలి. మూత్రం ముదురురంగులో రావాలి. అన్నం సయించకూడదు. అడిగితే మూత్రం మామూలుగానే ఉందన్నాడు. ఆకలి సంగతి చెప్పనే చెప్పాడు. ఆ మాత్రలు చర్మానికి రంగు పట్టిస్తాయని చదివి కూడా మరిచిపోయాను. కాలేయానికి ఏమీ కాలేదు.

మర్నాడు అతని బస్సులోనే కోదాడ వెళ్ళాను. మామ వాకిట్లోనే ఆపేశాడు. రంగు మాత్రలదేనని, కాలేయం బాగుందని, కళ్ళు తెల్లగా ఉంటే కామెర్లు కావని చెప్పాను.

“నిన్నేమో చెడిపోయిందన్నారు, ఇవాళ బాగుందంటున్నారు. రేపేమంటారో! మీ మాట నమ్మి పిల్లనెట్టా ఇచ్చేదండీ?”

జేబులోంచి అవే మాత్రలు తీశాను. “దోమలు నన్నూ కుడుతున్నాయి. చలిజ్వరం రాకుండా ఇవి నేనూ వేసుకుంటాను. నేనూ పచ్చబడి, శుభ్రంగా తిని తిరుగుతుంటే పిల్లనిస్తారా?”

“ఇస్తాను. మీక్కాదు, వాడికి” అన్నాడు. అంత కోపంలోనూ నవ్వొచ్చింది ఆయనకు.

కొన్ని వారాల్లో నేనూ పెళ్ళికొడుకులా తయారయ్యాను. మళ్ళీ అదే బస్సెక్కి వెళ్ళి, ఆ వాకిట్లో ఎండకు నిలబడి, కింది రెప్పలు వేళ్ళతో లాగి చూపించాను. మామ నా కళ్ళలోకి, అల్లుడి కళ్ళలోకి మార్చి మార్చి చూసి, లోపలికి కేకేశాడు:

“ఇద్దరికీ విస్తళ్ళు వెయ్యండి. ఉప్పు మాత్రం మర్చిపోకండి!”

అల్లుడి పక్కనే కూర్చుని, ఆయన చూస్తుండగా, కూర మళ్ళీ అడిగి వడ్డించుకుని మరీ తిన్నాను.