పదకొండు సెకన్ల తేడా

కృష్ణపట్నం పోర్టులో గేటు పాసులు రాసే ఉద్యోగంలో చేరాక కూడా నేను పరుగు మానలేదు. జిల్లా పోటీల్లో రెండుసార్లు గెలిచాక, బూట్లు అమ్మే ఒక కంపెనీ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. సముద్రం పక్క రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు పరిగెత్తి నేను రాష్ట్ర రికార్డు కొట్టాలి, వాళ్లు దాన్ని ప్రకటనగా తీయాలి. వాళ్లకూ కావలసింది రికార్డే అనుకున్నాను.

పరుగు పొద్దున ఆరింటికి. ఐదున్నరకే ఒళ్లు వేడెక్కించుకుని నిలబడ్డాను. తూర్పున మబ్బు పట్టింది.

"కొంచెం ఎండ రానివ్వండి మేడమ్, వెలుగు చాలదు," అన్నాడు కెమెరా అతను.

"ఎండెక్కితే గాలి లేస్తాది సార్. నా వల్ల కాదు," అన్నాను.

మా కోచ్ రెండుసార్లు వెళ్లి అడిగారు. లాభం లేకపోయింది. గంటన్నరసేపు కూర్చోలేకపోయాను, నిలబడలేకపోయాను. కాళ్లు చల్లబడ్డప్పుడల్లా అటూ ఇటూ ఉరికాను. ఏడున్నరకు ఈల వేశారు. ఎదురుగాలి. పదకొండు సెకన్ల తేడాతో రికార్డు తప్పిపోయింది. రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను. అదీ తీశారు.

"రేపు ఆరింటికి ఇంకోసారి పరిగెత్తేదా సార్?" అని కంపెనీ మేనేజరును అడిగాను.

"అక్కర్లేదు మేడమ్. మాకు కావలసింది వచ్చేసింది," అన్నాడాయన.

నెల తిరక్కుండానే నెల్లూరులో పెద్ద బోర్డు వెలిసింది. ఏడుస్తున్న నా మొహం, కింద "ఈమెను ఆపలేరు" అని. ఓడిపోయినట్టు ఎక్కడా లేదు.

"రికార్డు కొట్టినావంట గదక్కా," అనేవాళ్లు గేటు దగ్గర లారీ డ్రైవర్లు.

"కొట్టలేదన్నా. తప్పిపోయింది," అని ప్రతి ఒక్కరికీ చెప్పేదాన్ని.

అమ్మకు అది నచ్చలేదు. "వాళ్లే గెలిచినావంటుంటే నీకేందిమే? ఊరుకోరాదా?"

ఊరుకోలేకపోయాను. అన్నం ముందు కూర్చున్నా కాలు ఆడుతూనే ఉండేది. మబ్బు లేకుంటే, ఆరింటికే వదిలి ఉంటే అని లోపల ఒకటే గొణుగుడు. చివరికి రాష్ట్ర పోటీల్లో అదే ఐదు కిలోమీటర్ల పరుగుకు పేరు ఇచ్చాను. స్టేడియంలో గాలి లేదు, కెమెరాలు లేవు, చెప్పిన వేళకే వదిలారు. మూడో స్థానంలో వచ్చాను. సముద్రం దగ్గరకంటే ఇంకో నాలుగు సెకన్లు ఎక్కువే పట్టింది.

కోచ్ నా టైము రాసిచ్చిన కాగితం చదువుకుంటుంటే సిగ్గేసింది. ఇక తప్పు మోపడానికి ఎవరూ లేరు.

"సార్, తరువాతి పోటీ ఎప్పుడు?" అన్నాను కోచ్‌తో, ఆయాసం తీరకముందే.

"ముందు నీళ్లు తాగమ్మా," అన్నారాయన.