నడవని రైళ్ళ శ్రీశైలం

గద్వాల డిపోలో కండక్టరు శ్రీశైలానికి తాగుడు లేదు, పేకాట లేదు, నోట్లో వక్కపలుకైనా ఉండదు. ఉన్నదల్లా ఒకే ఒక్క పిచ్చి. ఎవరి పిల్లలో ఆడుకుని అటకెక్కించిన పాత బొమ్మ రైళ్ళు కొని ఇంటికి తెచ్చుకోవడం. కొనుక్కుంటే కొనుక్కోనివ్వండి, మనకేం పోయింది? కానీ ఆయన కొన్న రైళ్ళలో ఒక్కటంటే ఒక్కటి నడిచిన పాపాన పోలేదు.

ఇందులో ఆయన భార్య సుభద్రమ్మకు రెండు బాధలు. "జీతమిచ్చేది బస్సాయె, నువ్వు పాడేది రైలు పాటాయె. డ్రైవర్ హరీష్ ముంగట తలెత్తుకోరాకుంట అయితుంది నాకు" అనేది మొదటిది. రెండోది ముందుగది. ఆ గదిలో చీర కొంగులకు కుచ్చులు కట్టడం నేర్పే క్లాసు పెట్టాలని ఆమెకు మూడేళ్ళుగా ఆశ. నేర్చుకుంటామని ఆరుగురు ఆడపిల్లలు ఎదురుచూస్తున్నారు కూడా. గదేమో రైళ్ళది. గోడ పొడుగునా బల్లలు, బల్లల మీద పట్టాలు, పట్టాల మీద ఇంజన్లు, అన్నీ శాశ్వతంగా నిలబడిపోయినవే. వీధిలో వాళ్ళు ఆ గదికి జంక్షన్ అని పేరు పెట్టారు.

కొనేముందు శ్రీశైలం అడిగే ప్రశ్న ఒక్కటే. "చాలూనా?" ఆ వైపు చాలూ అంటే నడుస్తున్నది అని అర్థం. మోటరు చాలూ, ఫ్యాను చాలూ, పిండి గిర్నీ చాలూ. అవతలి మనిషి "చాలూ" అన్నాడా, ఆయనకిక అది వేదవాక్కు. విప్పి చూడడు, స్విచ్చి వేసి చూడడు.

"ఒక్కసారి నడిపిచ్చి చూస్తె నీ సొమ్మేం పోతుంది?" అనేది సుభద్రమ్మ.

"మనిషిని ముంగట కూసోవెట్టుకొని పరీక్ష చేస్తరా? మాటన్నడు కద!"

"మరి బస్సుల ఎక్కినోన్ని టికెట్ చూపియ్యమంటవేంది?"

"అది డ్యూటీ."

మొదటి రైలు నాగర్‌కర్నూల్‌లో దొరికింది. రైలు కూత వినాలంటే బస్సెక్కి వేరే ఊరు పోవలసిన నాగర్‌కర్నూల్‌లోనే దొరకడం శ్రీశైలానికి శుభసూచకంగా తోచింది. ఫొటో స్టూడియో భానుప్రకాశ్ "చాలూ అన్నా, జబర్దస్త్ చాలూ" అని అమ్మాడు. ఇంట్లో పట్టాల మీద పెట్టి, శ్రీశైలం జేబులోంచి కండక్టరు విజిల్ తీసి ఊది "రైట్ రైట్" అన్నాడు. బండి కదిలింది. కానీ వెనక్కి. బోగీలను వరుసగా తోసుకుంటూ బల్ల చివరిదాకా పోయి, కింద సుభద్రమ్మ ఆరబెట్టిన మిరపకాయల్లో దూకింది. ఎన్నిసార్లు పెట్టినా వెనక్కే. వెనక్కి పోవడాన్ని నడక అనరు కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. "రివర్స్ గేర్ మాత్రం మంచిగుంది" అన్నాడు శ్రీశైలం, కళ్ళలో మిరపఘాటుకు నీళ్ళు తుడుచుకుంటూ.

రెండోది ఫోన్‌లో ఫొటో చూసి తెప్పించాడు. విదేశీ రైలట, పొగ కూడా వస్తుందట. ప్లగ్గు పెట్టగానే నిజంగానే పొగ వచ్చింది. పొగ ఒక్కటే వచ్చింది, అదీ ప్లగ్గులోంచి. వీధి మొత్తం కరెంటు పోయి, ఇరుగుపొరుగు విసనకర్రలు పట్టుకుని వీళ్ళ గుమ్మం ముందు చేరారు. "పొగొస్తదన్నడు, వచ్చింది. ఆయన అబద్ధమేం చెప్పలే" అని అమ్మినవాడి తరఫున శ్రీశైలమే వకాల్తా పుచ్చుకున్నాడు.

మూడోది రాయచూరు పోయి తెచ్చాడు. అక్కడి ఆసామి "ఓడ్తైతి సార్, ఓడ్తైతి" అని ముమ్మారు చెప్పాడట. కన్నడంలో ఓడ్తైతి అంటే పరుగెత్తుతుంది. రైలు అంగుళం జరగకపోయేసరికి సుభద్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "పాపం గా రాయచూరాయన తెలుగుల చెప్పిండయ్యా, ఓడతది అని. నువ్వే సమజ్ చేసుకోలే" అంది.

ఆ తరువాత వారానికోసారి జరిగే వనపర్తి అంగడి పట్టుకున్నాడు. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ పోయే ఆయన బస్సు వనపర్తిలో కాసేపు ఆగుతుంది. అంగడి రోజు దిగి వెళ్ళడం, చంకలో అట్టపెట్టెతో రావడం. అదీ చాలూనే, అదీ నడవనిదే. జంక్షన్‌లో ఇంజన్ల సంఖ్య పదికి చేరింది.

చివరికి సుభద్రమ్మ ఒకనాడు పుట్టింటి వాళ్ళ పెళ్ళికని ఆయన బస్సే ఎక్కి, బీచుపల్లి వంతెన దగ్గర, ఆంజనేయుడి గుడి కనబడగానే లేచి నిలబడింది.

"ఏమయ్యా, స్వామి చూస్తుండు, గీ యాభై మంది చూస్తుండ్రు. ఒట్టెయ్యి. ఇగ రైలు కొననని."

"సుభద్రా, డ్యూటీల ఉన్న."

"ఒట్టుకు డ్యూటీ ఏంది?"

బస్సంతా ఆమె పక్షమే చేరింది. శ్రీశైలం చుట్టూ చూసి, చేతిలో టికెట్ మిషన్ పట్టుకునే గుడి వైపు తిరిగాడు. "ఇంకొక్కటి కొంట. అది గూడ నడవకుంటె ఈ జన్మల రైలు ముట్ట. ముందుగది సుభద్రకు ఇచ్చేస్త. బీచుపల్లి ఆంజనేయుని మీద ఒట్టు."

"రైలు ముట్టకుంటె ముట్టకు గని, నాకు పెబ్బేరు టికెట్ ఇయ్యి నాయనా, ఊరొస్తుంది" అన్నాడు వెనక సీటు ముసలాయన.

ఆ ఇంకొక్కటి మరుసటి అంగడికే వచ్చింది. అది కూడా నడవకూడదని సుభద్రమ్మ మనసులో మొక్కుకుంది. ఇక్కడ ఆంజనేయుడు ఎవరి పక్షమో చెప్పనక్కర్లేదు. శ్రీశైలం విజిల్ ఊదాడు, మళ్ళీ ఊదాడు, విజిల్ జేబులో పెట్టుకుని బల్లలు విప్పడం మొదలుపెట్టాడు. నాలుగు రోజుల్లో ముందుగదిలో చాపలు పరుచుకున్నాయి, ఆరుగురు పిల్లలూ వచ్చి కూర్చున్నారు.

గెలిచింది సుభద్రమ్మే. కానీ ఆయన ముఖం చూస్తే గెలిచిన సంబరం గొంతు దిగడం లేదు. మామూలు రోజుల్లో బాగానే ఉంటాడు. అంగడి రోజు వస్తే మాత్రం అన్నం కెలుకుతూ కూర్చుంటాడు. మూడో వారం ఆమె గట్టిగా నిలదీసింది.

"రైళ్ళ మీద రంది గింత ఉంటదా?"

"రైళ్ళ మీద కాదు. పాపం ఏసమ్మక్క ఎదురు చూస్తుంటది."

"ఏ ఏసమ్మ?"

అప్పుడు బయటపడింది. వనపర్తి అంగట్లో కొన్న ఎనిమిది రైళ్ళూ ఒక్క మనిషి దగ్గరే కొన్నాడట. సుభద్రమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. "ఒక్కసారి మోసం చేస్తె తెల్వక చేసిందనుకుంట. ఎనిమిదిసార్లా? చాలూ చాలూ అని ఎనిమిదిసార్లు అంటగట్టిందా? రానీ అంగడి రోజు!"

"వద్దు సుభద్రా. నీ కాళ్ళు మొక్కుత, ఆడికి పోకు."

ఇరవై రెండేళ్ళ కాపురంలో కాళ్ళు మొక్కుతానన్నది అదే మొదటిసారి. ఇక ఆమె ఆగుతుందా? అంగడి రోజు పిల్లలకు సెలవిచ్చి, ఎనిమిది ఇంజన్లను ఒక సంచిలో వేసుకుని, ఆయన బస్సు కాక ముందు బస్సే పట్టుకుని వనపర్తిలో దిగింది. గద్వాల కూరగాయల మార్కెట్‌లో ఆమె వస్తుందంటే ధర చెప్పకుండా నోరు మూసుకునే వ్యాపారులున్నారు. అలాంటి మనిషి.

అంగడి చివర నేల మీద పరిచిన పట్టా. దాని మీద మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, గోడగడియారాలు. పట్టా వెనక ఏసమ్మ, పక్కన నడుముకు పటకా కట్టుకుని గోడకానుకున్న ఆమె భర్త యేసయ్య. సుభద్రమ్మ సంచి బరువును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, "రైళ్ళున్నయా?" అంది.

"ఒక్కటుంది గని, అది మా కండక్టర్ సారు కోసం దాచిన తల్లీ. మా బిడ్డ పావని పట్నంల అపార్ట్‌మెంట్ల పని చేస్తది. అక్కడోళ్ళు వద్దని ఇచ్చిన సామాన్లు బస్సుల ఏసి పంపుతది. సారుకు రైళ్ళంటె పానమని ఇంటింటికి అడిగి మరీ పట్టుకొస్తది. మూడు వారాలాయె, సారు వస్తలేడు. పానం బాగలేదో ఏమో."

"చాలూ అని చెప్పి అమ్మినవట గద ఆయనకు?"

ఏసమ్మ ముఖం వెలిగిపోయింది. "అవునమ్మా! పైసలు చేతిల పెట్టి 'చాలునా అక్కా?' అని అడుగుతడు. 'చాలు సారూ, ఎక్కువే ఇచ్చినవు, చాలు' అంట. అందరు తగ్గియ్యమంటరు. చాలునా అని అడిగెటోడు ఆయనొక్కడే."

సుభద్రమ్మ మోసుకొచ్చిన తిట్లన్నీ నాలుక చివర అలాగే నిలబడిపోయాయి.

"మరి నడుస్తదా నడవదా అని…"

"ఈడ చూసెటందుకు కరెంటు లేకపాయె. అందుకే కొన్నోళ్ళు మల్లొస్తె అడుగుత. మొన్న ఒకాయన ఇస్త్రీ పెట్టె కాలుతలేదంటె పైసలు వాపస్ ఇచ్చిన. సారును గూడ ప్రతిసారి అడుగుత. అన్నీ ఇల్లంతా తిరుగుతున్నయన్నడు."

యేసయ్య గోడ దగ్గర్నుంచే కలగజేసుకున్నాడు. "నలభై ఏండ్లు దేశమంత తిరిగి రైలు పట్టాలేసినం అమ్మా, నేను, ఇది. మేమేసిన పట్టా మీద బండి ఆగలే. మేమమ్మిన బండి ఆగుతదా? ఒక్కటి ఆగిందని తెలిస్తె ఈ పట్టా మడతవెట్టి ఇంట్ల కూసుంటం. మోసం చేసి తినే అన్నం మాకొద్దు."

"ఇంతకు నువ్వెవరు తల్లీ?" అంది ఏసమ్మ.

"శ్రీశైలం పెండ్లాన్ని."

"అయ్యో, మా సారు ఇంటామెవా! మరి నువ్వే చెప్పు. మంచిగ నడుస్తున్నయా అమ్మా?"

ఇద్దరూ ఆమె ముఖంలోకే చూస్తున్నారు. సుభద్రమ్మ ఉన్నదున్నట్టు మొహం మీదే అనేస్తుందని గద్వాలలో పేరు. ఆమె సంచిని నెమ్మదిగా వెనక్కి, కొంగు చాటుకు జరిపింది.

"నడుస్తున్నయా అంటవా? పరేషాన్ చేస్తున్నయి! పొద్దున లేస్తె కూత పెట్టుకుంట వంటింట్లకొస్తయి. జరుగు అంటె జరగవు. నిన్న ఒకటి పిల్లికి తాకింది, పిల్లి ఇల్లు ఇడిసి పోయింది."

యేసయ్య నడుం పట్టుకుని మరీ నవ్వాడు. "జర మెల్లగ నడపమని చెప్పు సారును."

మొదలుపెట్టాక ఆపడం ఆమెకూ చేతకాలేదు. దాచిన రైలు కూడా ఇమ్మంది. "ఇగ రైళ్ళు తెప్పియ్యకు అక్కా, ఇంట్ల జాగ లేదు. మాకు మిక్సీ కావాలె" అని ఒక మిక్సీ పట్టుకుంది. ఏసమ్మ చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చింది. బేరం చెయ్యకపోవడం జీవితంలో అదే మొదటిసారి.

తిరుగు ప్రయాణానికి శ్రీశైలం బస్సే దొరికింది. ఆమెనూ సంచినీ చూసి ఆయన ముఖం పాలిపోయింది. "చెప్పేసినవా?" అన్నాడు.

"నీకెప్పుడు తెలిసింది, ఆమె చాలు అంటె పైసలు చాలని?"

"రెండోసారి పోయినప్పుడు. అడుగుదామనే పోయిన. 'మొన్న చాలంటె గూడ ఎక్కువే ఇచ్చినవు సారూ, నీకోసం ఇంకోటి తెప్పిచ్చిన' అని ఎదురొచ్చింది. నోట్లెకెల్లి మాట రాలే."

"నాకు చెప్తె ఏమాయె?"

"నీకు అబద్ధమాడుడు రాదు, ఆమె ముంగట నిజం చెప్పేస్తవని భయపడ్డ."

సుభద్రమ్మ కిటికీ వైపు తిరిగింది. భర్త మీద ఇంత ప్రేమ పొంగుకొచ్చి చాలా ఏళ్ళయింది, అదీ బస్సులో. అటే చూస్తూ, "పిల్లిని గూడ గుద్దిచ్చిన" అంది. శ్రీశైలానికి అర్థం కాలేదు. ఆమె మిక్సీ సంచి ముందుకు తోసింది. "వచ్చే అంగడికి ఆమెను చూసి రా. మిక్సీ మంచిగ తిరుగుతుందని చెప్పు."

ఇంటికి పోయి ప్లగ్గు పెడితే మిక్సీ చిన్న మూలుగు కూడా మూలగలేదు. సుభద్రమ్మ ముందే అనుకుంది. అంగడి ముందురోజు రోలు కడిగి, పల్లీలు, ఎండుమిర్చి, చింతపండు వేసి పచ్చడి నూరడానికి కూర్చుంది. మిక్సీలో చేసినట్టు మెత్తగా రావాలని నూరిందే నూరింది. భుజం పట్టేసింది. క్లాసు పిల్లలు సాయం వస్తామంటే వద్దంది. "మిక్సీల చేసిందని చెప్పి ఇయ్యి" అని డబ్బా ఆయన చేతిలో పెట్టింది.

ఏసమ్మ అక్కడే మూత తీసి, వేలితో నాలుక్కి రాసుకుని, కళ్ళు మూసుకుని తెరిచింది. "సారూ, గిదేం కంపెనీ మిక్సీనో గని, అచ్చం రోట్ల నూరినట్టే ఉంది!"

"గద్వాల కంపెనీ అక్కా" అన్నాడు శ్రీశైలం. "పని మంచిగ చేస్తది. సప్పుడే జర ఎక్కువ."

ఈ చివరి మాట ఆయన ఇంట్లో చెప్పలేదు. వెంట ఉన్న డ్రైవర్ హరీష్ వచ్చి చెప్పాడు. సుభద్రమ్మ భుజానికి నూనె రాసుకుంటూ "అట్లన్నడా?" అంది. "రానీ ఇంటికి, సప్పుడు వినిపిస్త." అని, నవ్వుతూ లేచి, ఇంకో డబ్బాకు పల్లీలు వేయించడానికి వంటింట్లోకి వెళ్ళింది.