మూసిన ఇంటి దీపాలు

ఏ వస్తువు కొనాలన్నా ఒక తెల్ల కాగితం తీసి నడిమధ్య గీత గీయడం నాకున్న జబ్బు. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఇంకొకటి. మిక్సీకి గీశాను, నీళ్ల మోటారుకు గీశాను, మంచానికి కూడా గీశాను. "నన్ను సేసుకునేటప్పుడు గీసినావా?" అని నా భార్య ఒకసారి అడిగింది. వినబడనట్టు లేచి వెళ్లిపోయాను. అలాంటివాణ్ణి, ఇంటి బయట శాశ్వతంగా బిగించే ఎల్‌ఈడీ దీపాలకు గీత గీయకుండా ఎలా ఉంటాను? ఆ కాగితం ఇంకా మా ఇంట్లోనే ఉంది. దాన్ని తీసి చూడాలంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

దీపాలు అమ్మ కోసం. తిరుపతిలో కొండకు దగ్గరగా ఉన్న చిన్న వీధి మాది. ఇంటి ముందు మూడు మెట్లు. శుక్లాలు తీయించాక అమ్మ పగలు బాగానే చూసేది కానీ, పొద్దు వాలితే మెట్టుకూ మెట్టుకూ తేడా తెలిసేది కాదు. కాలితో తడుముకుంటూ దిగేది. ఒకరోజు మూడో మెట్టు దగ్గర తూలి, గేటు పట్టుకుని నిలదొక్కుకుంది. "ఏం కాలేదులే" అంది కానీ గేటు వదల్లేదు. ఆ రోజే నిర్ణయించుకున్నాను, మెట్ల పైనున్న సజ్జ పొడవునా దీపాలు పెట్టించాలని. పండక్కి కట్టి విప్పేసే సీరియల్ లైట్లు కాదు. ఒకసారి బిగిస్తే ఏళ్ల తరబడి అక్కడే ఉండేవి.

నేను పని చేసేది రేణిగుంటలో, ఒక గోడౌన్‌లో. దాని పక్కనే ఇలాంటి దీపాలమ్మే కొట్టు ఉంది. కొట్టతను రెండు రకాలు చూపించాడు. మాటలతో నాకు తృప్తి లేదు. సజ్జకు ఎడమవైపు ఒక రకం, కుడివైపు ఇంకో రకం వారం రోజులకు బిగించి చూపించమన్నాను. నా పోరు పడలేక ఒప్పుకున్నాడు.

ఎడమవైపుది చీకటిని తనే పసిగట్టి వెలిగేది. స్విచ్చు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. పొద్దు వాలితే వెలుగుతుంది, తెల్లారితే ఆరిపోతుంది. కుడివైపుది ఫోన్‌తో నడిచేది. పల్చటి అల్యూమినియం పట్టీలో దాక్కుని ఉంటుంది కాబట్టి పగలు కంటికి కనబడదు. ఇంట్లో వైఫై ఉండాలి, ఫోన్‌లో నొక్కాలి. ఎన్ని రంగులు కావాలంటే అన్ని రంగులు.

వారం రోజులు ఎదురింటి అరుగు మీద కూర్చుని రెండింటినీ గమనించాను. ఎడమవైపుది మబ్బు పట్టిందని మధ్యాహ్నం మూడింటికే వెలిగింది. వీధి మలుపులో లారీ తిరిగి దాని వెలుతురు పడితే, తెల్లారిందనుకుని ఆరిపోయింది. కుడివైపుది మొదటిరోజు ఊదా, పచ్చ రంగుల్లో వెలిగి ఇంటిని కల్యాణమండపం చేసింది. అదే, లేత పసుపు వెలుతురుకు మారిస్తే మాత్రం మూడు మెట్ల అంచులూ గీత గీసినట్టు కనబడ్డాయి. కానీ కరెంటు పోయి వస్తే వైఫై తేరుకునేదాకా ఆగాలి. అన్నీ రాసి, కూడి చూస్తే ఎడమవైపుదే గెలిచింది. ముసలివాళ్లకు ఏ బాధా లేకుండా తనంతట తనే వెలుగుతుంది కదా.

ఎడమవైపుది చూపించి అమ్మ ఒకే ఒక ప్రశ్న అడిగింది, దీపాలు బిగించిన అతన్ని. "నేను పుత్తూరులో మా సెల్లి ఇంటికి పోతాను. ఇంట్లో ఎవురూ లేకపోయినా ఇది వెలుగుతాదా?"

"వెలుగుతాది మా. ఎవురూ లేకపోయినా వెలుగుతాది. దీని గొప్పే అది" అన్నాడతను.

"అయితే వద్దు. మనిషి లేని ఇంట్లో దీపమెందుకు వెలగాల? సెయ్యి పడితేనే వెలగాల."

నా కాగితం చూపించి చాలాసేపు వాదించాను. అమ్మ ఆ కాగితం తీసుకుని, మడిచి, ఊగే బీరువా కాలు కింద పెట్టింది. ఎడమవైపుది విప్పించి, ఫోన్‌తో నడిచేదాన్నే సజ్జ పొడవునా వేయించాము. నా ఫోన్‌లోనూ అమ్మ ఫోన్‌లోనూ దాన్ని నడిపే యాప్ పెట్టుకున్నాము. చిన్న అక్షరాలు కనబడకపోయినా నొక్కాల్సిన పసుపుపచ్చ గుండ్రం ఎక్కడుందో అమ్మకు గుర్తే. సాయంత్రం స్నానం చేసి, తులసి దగ్గర దీపం పెట్టి, వసారాలో కుర్చీలో కూర్చుని నొక్కేది. పక్క కుర్చీలో నాయన ఆ వేలునే చూస్తూ కూర్చునేవాడు. "దీపాలు ముట్టించినా" అని లోపలికి కేకేసేది. ఫోన్‌లో నొక్కడాన్ని ముట్టించడం అనకూడదని నేను చెప్పలేదు.

ఏడాది గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న అమ్మ మళ్లీ లేవలేదు.

అయ్యవారు పంచాంగం తిరగేసి, పోయిన నక్షత్రం మంచిది కాదు, మూడు నెలలు ఇల్లు మూసిపెట్టాలన్నారు. మా వైపు ఇది కొత్త కాదు. దినాలయ్యాక తాళం వేసి అందరూ వేరే ఇంటికి పోతారు. గడువు తీరాక శాంతి చేయించి మళ్లీ అడుగు పెడతారు. అంతవరకూ ఆ ఇంట్లో మనిషి మసలకూడదు. నాకు వీటి మీద నమ్మకం లేదు. కాదనే ధైర్యమూ లేదు.

ఎదురుగా ఉన్న ఇంట్లో మేడ మీద భాగం అద్దెకు దొరికింది. దేవుడి పటాలు తెచ్చుకున్నాము. బియ్యం, ఉప్పు జాడీ, ఊరగాయలు తెచ్చుకున్నాము. అమ్మ వస్తువులేవీ ముట్టుకోలేదు. బట్టలు, కళ్లద్దాలు, ఫోను, అన్నీ బీరువాలోనే ఉంచి తాళం వేశామనుకున్నాను. ఆ గాబరాలో మెయిన్ స్విచ్ ఆపడం మరిచిపోయాను. ఖాళీ ఇంట్లో వైఫై డబ్బా అలాగే మిణుకుమంటూ ఉండిపోయింది.

మూడో రోజు సాయంత్రం మేడ మీద నిలబడి కాఫీ తాగుతున్నాను. ఎదురుగా మా ఇల్లు. గేటుకు తాళం, తలుపుకు తాళం. కొండ అవతలికి పొద్దు దిగిపోయింది. చూస్తుండగానే సజ్జ పొడవునా దీపాలు వెలిగాయి. లేత పసుపు. మూడు మెట్లూ అంచులతో సహా కనబడ్డాయి. పక్కన నా భార్య చేతిలోని గ్లాసు గోడకు తగిలింది. నాయన మాత్రం కుర్చీలోంచి కదలకుండా, ఒళ్లో తువ్వాలు పెట్టుకుని అటే చూస్తున్నాడు.

నా ఫోన్‌లో ఆపేశాను. మరుసటి సాయంత్రం మళ్లీ వెలిగాయి. అమ్మ తెలియక ఏదో టైము పెట్టి ఉంటుందని మొత్తం వెతికాను. ఏ టైమూ లేదు. అయినా టైము పెట్టి ఉంటే రోజూ అదే నిమిషానికి వెలగాలి కదా? ఒకరోజు ఆరుంబావుకు, ఇంకోరోజు ఆరున్నరకు వెలిగేవి. మబ్బు పట్టిన రోజు ముందే. శుక్రవారం ఇంకా ముందు. అమ్మ శుక్రవారాలు తొందరగా స్నానం చేసేది. నేను నా అలవాటు ప్రకారం కాగితం తీసి ఈ సమయాలన్నీ రాసుకుంటూ పోయాను. పదో రోజు పెన్ను కింద పెట్టేశాను. యంత్రం ఇలా వెలిగించదు. ఇది చెయ్యి పడితే వెలిగే పద్ధతి. అమ్మ ఫోను మూసిన ఇంట్లో, బీరువాలో ఉంది. నాకు భయమేసింది. చిన్నపిల్లాడిలా భయమేసింది. నా కాగితం మాట విని ఎడమవైపుది వేయించి ఉంటే ఈ గొడవే లేదు కదా అని చచ్చిపోయిన అమ్మ మీద కోపం కూడా వచ్చింది.

పక్కింటావిడ ఒకరోజు మేడ మెట్ల దగ్గర ఆపింది. "అన్నా, మీ ఇంట్లో ఎవురన్నా ఉండారా?"

"ఎవరూ లేరమ్మా."

"మరి దీపాలెవురు ముట్టిస్తా ఉండారు? మా పిల్లోళ్లు సాయంత్రమైతే బయట ఆడుకునేదానికి భయపడతా ఉండారు. మూసిన ఇల్లు గదన్నా. ఆపేస్తే బాగుంటాది."

ఆ రోజు భోజనాల దగ్గర ఈ మాట చెప్పాను. నా భార్య తలూపింది. నాయన తల ఎత్తలేదు. "ఎలగనీ. నీదేం పోయింది?" అన్నాడు. అంతే, కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మరుసటి రోజు ఆదివారం. మీటరు పెట్టె గేటు లోపల, మెట్ల పక్క గోడకు ఉంది. ఇంట్లోకి అడుగు పెట్టనవసరం లేదు. మధ్యాహ్నం ఎండలో గేటు తాళం తీసి, మెట్ల వైపు చూడకుండా, మెయిన్ స్విచ్ కిందికి లాగి వచ్చేశాను. గేటుకు తాళం వేయడం మరిచిపోయేంత తొందరగా వచ్చేశాను.

ఆ సాయంత్రం పొద్దు దిగింది. మా ఇల్లు వెలగలేదు. వీధిలో అన్ని ఇళ్ల మధ్య అదొక్కటే పన్ను ఊడిన చోటులా ఉంది. హమ్మయ్య అనుకుని, "ఈ పొద్దు వెలగలేదు సూడు నాయనా" అంటూ వెనక్కి తిరిగాను. కుర్చీ ఖాళీగా ఉంది. తువ్వాలు కింద పడి ఉంది.

చెప్పులు లేకుండానే దిగి పరిగెత్తాను. మా గేటు బార్లా తెరిచి ఉంది. మెట్ల ముందు చీకట్లో నాయన వంగి నిలబడి ఉన్నాడు. ముఖం మీద నీలంగా వెలుతురు పడుతోంది. చేతిలో అమ్మ ఫోను. వేలితో ఒకే చోట నొక్కుతూ ఉన్నాడు.

"నాయనా."

"ఎలగలేదు రా. ఎన్నిసార్లు నొక్కినా ఎలగలేదు."

తాళం వేసే ముందే ఆయన ఫోను తీసుకున్నాడన్నమాట. మేము పనుల మీద పోయినప్పుడు ఛార్జింగ్ పెట్టుకుని, సాయంత్రం తువ్వాలు కింద నుంచి నొక్కేవాడు. రోజూ నా పక్కనే కూర్చుని. నాకు ఒక్కసారిగా ఒళ్లంతా తేలికైంది, ఆ వెంటనే కోపం వచ్చింది.

"నేనే ఆపినాను. వీధంతా భయపడతా ఉండాది. మనిషి లేని ఇంట్లో దీపమెందుకని అమ్మే గదా అనింది?"

నాయన నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు. నాకే అర్థం కాలేదన్నట్టు నెమ్మదిగా చెప్పాడు.

"అయ్యవారు ఇల్లు ఇడిసిపెట్టమనె. మనం సామాన్లు సర్దుకుంటిమి, వచ్చేస్తిమి. మీ అమ్మను పిలిసినామా? రా పోదామని ఒక్కరన్నా అన్నామా? ఆమె యాడికి పోతాది? ఈడనే ఉండాది. పొద్దు వాలితే ఆమెకు మెట్లు ఆనవు రా."

ఉప్పు జాడీ గుర్తు పెట్టుకుని మరీ తెచ్చుకున్నాము. నేను గోడ దగ్గరికి వెళ్లి, తడుముకుని, మెయిన్ స్విచ్ పైకి ఎత్తాను. లోపల ఫ్రిజ్ మూలిగింది. వైఫై తేరుకునేదాకా ఇద్దరం గేటు దగ్గర చీకట్లో నిలబడ్డాము. నా ఏడుపు ఆయనకు వినబడకూడదని పళ్లు బిగబట్టుకున్నాను.

"ఇంక నొక్కు నాయనా" అన్నాను.

ఆయన నొక్కాడు. సజ్జ పొడవునా పసుపు వెలుతురు పాకి, మూడు మెట్లూ తేటగా కనబడ్డాయి. పైన తలుపుకు తాళం అలాగే ఉంది. నాయన చూపు తలుపు దగ్గర మొదలై, మొదటి మెట్టు మీద ఆగి, రెండో దాని మీద ఆగి, మూడో మెట్టు మీద చాలాసేపు ఆగింది. "నిదానం" అన్నాడు, నాతో కాదు.

గేటుకు అడ్డంగా ఉన్న నేను పక్కకు జరిగాను.